ఆరున్నరకి మాస్టారి ఫోన్

మార్చి 27

ఈ డైరీ కొని రెండేళ్ళయింది. ఇవాళ తెరిచాను. ఎవరిమీదైనా అరవాలని ఉంది. ఇంట్లో అరిస్తే మా ఆయన టీవీ సౌండ్ పెంచుతాడు. ఆఫీసులో అరిస్తే మెమో ఇస్తారు. కాగితం తిరిగి ఏమీ అనదు కదా అని.

మూడు వారాలు కూర్చుని వేసవి వాతావరణ అంచనా తయారు చేశాను. సముద్రం మామూలు కన్నా వేడిగా ఉంది. కింద గాలి నిండా తేమ, పైన పొడిగాలి. ఇలాంటి ఏడాది మబ్బు పుట్టిందంటే రెండు గంటల్లో కొండంత అవుతుంది, కదలకుండా ఒకేచోట కుమ్మరించి పోతుంది. అందుకని నేను రాసింది ఇది: "ఈ వేసవిలో పిడుగులతో కూడిన గాలివానలు మామూలు కన్నా ఎక్కువగా ఉంటాయి. తక్కువ సమయంలో కుండపోత కురిసి నగరంలోని పల్లపు వీధులు, సెల్లార్లు ఆకస్మిక వరదలో మునిగే ముప్పు ఉంది."

ఇస్త్రీ సారు చదివాడు. మా డైరెక్టర్. ఆయన చొక్కా మీద మడత ఉండదు. మనం రాసినదాంట్లో కూడా ఎక్కడా ఎత్తు పల్లం ఉండకూడదు, అందుకే ఆఫీసంతా ఆ పేరు పెట్టుకున్నాం.

"ముప్పు అంటే జనం భయపడతారమ్మా."

"భయపడాలనే రాశాను సర్."

"పోయినేడు భయపెట్టాం కదా. ఏమైంది?"

పోయినేడు మే నెలలో నేను రెడ్ అలర్ట్ ఇచ్చాను. బడులు మూసేశారు, దుకాణాలు మూసేశారు, ఊరంతా కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చుంది. రెండు రోజులూ ఎండ పేలిపోయింది. ఆ వాన పడింది. నలభై కిలోమీటర్ల అవతల, మనిషి లేని కొండల్లో పడింది. అది ఎవరికి చెప్పుకోను? వాన పడ్డచోట చూసినవాళ్ళు లేరు, చూసినచోట వాన లేదు.

అంచనా ఇప్పుడు ఇలా ఉంది: "అక్కడక్కడా ఉరుములతో కూడిన జల్లులు కురిసే అవకాశం ఉంది. ప్రజలు తగు జాగ్రత్తలు తీసుకోవాలి." తగు అంటే ఎంత? ఎవరికి తగు? పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను.

మార్చి 29

టీవీలో చదివారు. ఆ అమ్మాయి నవ్వుతూ చదివింది. "ఈ వేసవి కాస్త చల్లచల్లగా" అట. రిమోట్ మా ఆయన చేతిలో లేకపోతే గోడకి కొట్టేదాన్ని.

ఏప్రిల్ 3

మా చెల్లి సంగతి రాయాలి. అసలు నా కోపంలో సగం దానిమీదే.

చెల్లి కుట్టుపని కార్ఖానా నడుపుతుంది. ఒక పాత బిల్డింగు సెల్లార్లో. వాహనం దిగేంత వాలు దారి, దాని చివర షట్టర్, లోపల ఎనిమిది మిషన్లు. వెనక గోడకి అవతల పెద్ద మురుగు కాలవ. వేసవిలో ఆ కాలవలో పిల్లలు క్రికెట్ ఆడతారు కాబట్టి అది కాలవ అని ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తుంటుంది. నా ఉద్యోగమే అది.

పోయినేడు రెడ్ అలర్ట్ రోజుల్లో నా మాట విని షట్టర్ దించేసింది. స్కూలు యూనిఫాంల ఆర్డర్ ఆలస్యమైంది, వేరేవాళ్ళు ఎగరేసుకుపోయారు. అప్పటినుంచీ నా పేరు చెబితే మూతి తిప్పుకుంటుంది. నాకు "ఉరుములక్క" అని పేరు పెట్టింది. దాని దగ్గర కుట్టే ఆడవాళ్ళు కూడా అదే అంటారని విన్నాను.

అక్కడ నా మాట నమ్మే మనిషి ఒక్కడే ఉన్నాడు. కటింగ్ మాస్టారు. అరవై దాటాయి, పదిహేనేళ్ళుగా చెల్లి దగ్గరే ఉన్నారు. రోజూ ఉదయం ఆరున్నరకి ఇంటి నుంచి బయల్దేరేముందు నాకు ఫోన్ చేస్తారు. బాగున్నారా, టిఫినయిందా, ఏమీ ఉండవు. ఒకటే ప్రశ్న. "కిందా, పైనా అమ్మా?"

గుడ్డ తానులు సెల్లార్లో నేలమీద చెక్కల మీదే ఉంచాలా, పై అంతస్తు వరండాలోకి ఎక్కించాలా అని. నేను "పైన" అంటే తానులతోపాటు నాలుగు చిన్న మిషన్లు కూడా ఎక్కిస్తారు, ఆ రోజు అందరూ వరండాలోనే కుడతారు. "కింద" అంటే మామూలుగా పని. ఆ ఎక్కించడం దించడం ఆయన నడుముకి గంట పని. అయినా ఒక్కరోజు విసుక్కోలేదు. చెల్లికి ఈ ఫోన్ల సంగతి తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

ఇవాళ "కిందే మాస్టారూ" అన్నాను.

ఏప్రిల్ 11

ఎండ. ఇస్త్రీ సారుకి చెమట కూడా పట్టదు. ఎలా సాధ్యం?

ఏప్రిల్ 19

మాస్టారికి "పైన" అని చెప్పాను. పడింది ఎనిమిది మిల్లీమీటర్లు. రోడ్డు మీద దుమ్ము కూడా సరిగ్గా తడవలేదు. ఆయన మాత్రం సాయంత్రం ఫోన్ చేసి, "పడిందిగా అమ్మా, మాట దక్కింది" అన్నారు. నన్ను ఓదార్చడానికి ఒకళ్ళు తయారయ్యారు, అదీ నడుం నొప్పితో.

ఆఫీసులో కొత్త రూలు వచ్చింది. ఎల్లో, ఆరెంజ్ వరకు డ్యూటీలో ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. రెడ్ అయితే డైరెక్టర్ సంతకం కావాలి. ఊళ్ళో సగానికి సగం రోజులు ఆరెంజ్ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. రెడ్‌కే కదులుతారు. ఆ రెడ్‌ని తీసుకెళ్ళి ఆయన జేబులో పెట్టారు. నాకోసమే పెట్టారు ఈ రూలు. సర్క్యులర్‌లో నా పేరు లేదు గానీ చదివినవాళ్ళందరూ నా బల్లవైపే చూశారు.

మార్చిలో ఒక సంగతి రాయలేదు. ఆ ఇస్త్రీ చేసిన అంచనా కింద నా సంతకం కూడా ఉంది. పెట్టనంటే ఏం చేసేవాడు? బదిలీ చేసేవాడు. ఆ కుర్చీలో ఇంకా మెతకవాళ్ళు కూర్చునేవాళ్ళు. అందుకే పెట్టాను. అందులో తప్పేమీ లేదు.

మే 4, ఆదివారం

చెల్లి భోజనానికి పిలిచింది, వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

మెల్లగానే మొదలుపెట్టాను. "ఈ నెలంతా వరండాలోనే పని పెట్టుకో. మబ్బులు తయారవుతున్న తీరు నాకు నచ్చడం లేదు" అన్నాను.

"అంచనాలో జల్లులే అన్నారుగా. నీ సంతకం కూడా ఉందిగా" అంది అన్నం వడ్డిస్తూ.

ఒళ్ళు మండింది. ఆ కాగితం వెనక ఏం జరిగిందో చెప్పాను. మరిది నవ్వాడు. చెల్లి నవ్వలేదు, అదే ఇంకా కోపం తెప్పించింది.

"అక్కా, ఆ స్కూలు వాళ్ళు ఏడాదిపాటు నా మొహం చూడలేదు. కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ తెచ్చుకున్నాను. నెలాఖరుకి ఆరువందల జతలు ఇవ్వాలి. వరండాలో నాలుగు మిషన్లే పడతాయి. ఎలా కుట్టమంటావు?"

"ప్రాణాలకంటే యూనిఫాంలు ఎక్కువా?"

"ఇదిగో, ఈ మాటలే. ప్రతి మేలోనూ మమ్మల్ని చంపేస్తావు నువ్వు. నీ వానలు నీ దగ్గరే పెట్టుకో. నాకు ఫోన్ చెయ్యకు."

"చెయ్యను."

చెయ్యి కడుక్కుని వచ్చేశాను. సగం అన్నం విస్తట్లోనే ఉంది.

మే 5

చెయ్యను. చచ్చినా చెయ్యను. ఒక్కసారి తడిస్తే దానికే తెలిసొస్తుంది.

మే 6

మాస్టారికి "పైన" అన్నాను. చుక్క పడలేదు. సాయంత్రం ఆయన ఫోన్ చెయ్యలేదు. చెల్లి ఏదో అని ఉంటుంది.

మే 8

ఆఫీసు. మధ్యాహ్నం పన్నెండు. ఉక్క. నైరుతి వైపు నాలుగు మబ్బు గడ్డలు కనిపిస్తున్నాయి రాడార్‌లో.

మే 9

మాస్టారు లేరు.

మే 10

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపు ఎవరైనా అడుగుతారు.

మొన్న మధ్యాహ్నం రెండు గంటలకి ఆ నాలుగు గడ్డలూ ఒకటయ్యాయి. పదిహేను కిలోమీటర్ల ఎత్తు. రెండూ ఐదుకి చూశాను, మబ్బు ముందుకు పోవడం లేదు. ఊరి మీదే నిలబడి వెనకనుంచి కొత్త మబ్బుని లాక్కుంటోంది. రెండూ పదికి ఆరెంజ్ ఇచ్చాను. నా చేతిలో ఉన్నది అంతే. రెడ్ కోసం ఇస్త్రీ సారుకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. కొత్త ఆఫీసు భవనం నమూనా చూడడానికి పెద్దవాళ్ళతో మీటింగట. పద్నాలుగుసార్లు చేశాను. ఆయన డ్రైవర్‌కి చేశాను. డ్రైవర్ లోపలికెళ్ళి చీటీ ఇస్తే, "పది నిమిషాల్లో చూస్తానని చెప్పు" అన్నాడట. రెండూ నలభై ఆరుకి ఫోన్ చేశాడు. "ఖాయమేనా అమ్మా? మళ్ళీ పోయినేడులా కాదు కదా?" అన్నాడు. కిటికీ బయట చీకటైపోయి రోడ్డు మీద బళ్ళు లైట్లు వేసుకుంటున్నాయి. ఫోన్ కిటికీ దగ్గర పెట్టి వాన చప్పుడు వినిపించాను. రెడ్ బయటికి వెళ్ళింది రెండూ యాభై రెండుకి.

సెల్లార్లోకి నీళ్ళు వచ్చింది రెండూ ముప్ఫై ఐదుకి.

గంటలో పదకొండు సెంటీమీటర్లు పడింది. మొదట వాలు దారిలోంచి వచ్చాయట, చీలమండ దాకా. చెల్లి ఆడవాళ్ళందర్నీ మెట్లు ఎక్కించింది. మాస్టారు కూడా ఎక్కారు. ఎక్కి, యూనిఫాం తానులన్నీ కిందే ఉన్నాయని మళ్ళీ దిగారు. చెల్లి వద్దని అరిచింది. రెండు తానులు భుజాన వేసుకుని వచ్చి మెట్ల మీద పెట్టారు. మూడోసారి దిగినప్పుడు కాలవ వైపు గోడ పడిపోయింది. ఇంక నీళ్ళు మెట్ల మీదికి వచ్చేశాయి. ఆయన రాలేదు. చెల్లి దిగబోతే ఇద్దరు పట్టుకున్నారు. అంతా రెండు నిమిషాలట.

ముప్ఫై ఆరు నిమిషాలు. నా చేతిలో వాన ఉంది, ఆయన చేతిలో సంతకం ఉంది. ఆ మనిషి నా కళ్ళముందు ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆ రోజు ఉదయం మాస్టారి ఫోన్ రాలేదు. వచ్చి ఉంటే చెప్పేదాన్నే.

మే 12

పేపర్లో నా ఫోటో వేశారు. మార్చిలో నేను రాసిన అసలు అంచనా ఎవరో బయటపెట్టారు. నేను కాదు. కాపీ ఒకటి నా బల్ల మీద ఉంది, ఎవరు తీసుకెళ్ళారో నేను చూడలేదు. "ముందే చెప్పిన అధికారిణి, నోరు నొక్కిన పెద్దలు" అని హెడ్డింగు. టీవీలో అదే అమ్మాయి ఈసారి నవ్వకుండా చదివింది.

మా ఆయన పేపర్ రెండు కాపీలు కొన్నాడు. నేను తిట్టాను. తర్వాత ఒకటి బీరువాలో దాచాను.

మే 13

ఇస్త్రీ సారు చొక్కా ఇవాళ నలిగి ఉంది. చూసి సంతోషించాను. సంతోషించినందుకు సిగ్గేమీ పడలేదు.

మే 14

చెల్లిని చూడ్డానికి వెళ్ళాను. చెయ్యి మోచేతి దాకా గీరుకుపోయింది. ఇన్నాళ్ళకి నన్ను పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు ఆదివారం చెప్తూనే ఉన్నావక్కా. నేనే వినలేదు. పెద్దాయన్ని నేనే చంపుకున్నాను."

నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను. "నీ తప్పేం లేదు, ఆ డైరెక్టర్‌ది" అన్నాను. చాలాసార్లు అన్నాను.

మే 16

విచారణ కమిటీ. ముగ్గురు. నాకు కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఇస్త్రీ సారు అరగంట నీళ్ళు నమిలాడు. మీటింగు ముఖ్యమైనదన్నాడు, పోయినేడు తప్పుడు హెచ్చరిక వల్ల జాగ్రత్తగా ఉన్నామన్నాడు, రూలు పైవాళ్ళదన్నాడు. నేను నా ఫోన్ తీసి పద్నాలుగు కాల్స్ చూపించాను. కమిటీలో పెద్దావిడ అవి నోట్ చేసుకుంటూ, "ఇంతకన్నా ఎవరు మాత్రం ఏం చేస్తారు?" అంది.

"ఆ రోజు మీ వైపునుంచి ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?" అని అడిగింది చివర్లో.

"లేదండీ."

ఇంటికొచ్చి తలనొప్పిగా ఉందని పడుకున్నాను. తలనొప్పి లేదు.

మే 17

ఆ పద్నాలుగు కాల్స్ చూపించడానికి లిస్టు కిందికి జరిపినప్పుడు, వాటికి ఇంకా కింద ఒకటి కనిపించింది. నేను గబుక్కున పైకి జరిపేశాను. కమిటీ ఆవిడ చూడలేదు.

మే 8. ఉదయం 6:31. వచ్చిన కాల్. మాట్లాడింది యాభై సెకన్లు.

పదో తారీఖున ఈ పుస్తకంలో అబద్ధం రాశాను. ఎవరు చదువుతారని రాశానో తెలియదు. ఫోన్ వచ్చింది.

"కిందా, పైనా అమ్మా?"

నేను అప్పటికే ఉదయం లెక్కలు చూశాను. ఆరింటికే చూశాను. ఈ సీజన్‌లో అంత చెడ్డ లెక్క ఇంకోటి చూడలేదు. ఖాయంగా చెప్పలేం గానీ, "పైన" అనడానికి దాంట్లో పదోవంతు చాలు. ఎనిమిది మిల్లీమీటర్ల రోజున కూడా అన్నానుగా.

కానీ ఆదివారం నుంచీ చెల్లి మాటలే తలుచుకుంటున్నాను. ఆరో తారీఖున చుక్క పడలేదు, సాయంత్రం ఈయన కూడా ఫోన్ చెయ్యలేదు, చెల్లి ఆడవాళ్ళందరి ముందూ నవ్వి ఉంటుంది. అదంతా ఆయన మీద చూపించాను.

"మీ మేడమ్‌ని అడగండి మాస్టారూ. వాన సంగతి ఆవిడకే బాగా తెలుసు."

ఆయన నవ్వారు. "అక్కాచెల్లెళ్ళ మధ్య నన్నెందుకమ్మా ఇరికిస్తారు. ఒక్క మాట చెప్పండి, చాలు."

"మీ మేడమ్‌నే అడగండి" అని పెట్టేశాను.

పెట్టేసి కాఫీ తాగాను. ఒక్కసారి తడవనీ అనుకున్నాను. గుడ్డ తడుస్తుంది, చెల్లి ఏడుస్తుంది, నాకు ఫోన్ చేస్తుంది, అక్కా నువ్వు చెప్పిందే నిజం అంటుంది. అంతవరకే అనుకున్నాను. నిజంగా అంతవరకే.

ఆరున్నరకి నాకు ఏ రూలూ అడ్డం లేదు. ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆఫీసులో పద్నాలుగుసార్లు ఇస్త్రీ సారుకి ఫోన్ చేశాను. ఆ మధ్యలో చెల్లికి ఒక్కసారి కూడా చెయ్యలేదు. నంబరు తీశాను. తను చెయ్యొద్దంది కదా అని పక్కన పెట్టాను. అదీ రాస్తున్నాను, రాయకుండా ఉంటే మళ్ళీ రెండ్రోజుల్లో మర్చిపోయినట్టు ఉంటాను.

ఇస్త్రీ సారు ముప్ఫై ఆరు నిమిషాలు ఆలస్యం చేశాడు. నేను ఎనిమిది గంటలు చేశాను.

మే 18

ఇవాళ కూడా పేపరు వాళ్ళు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

మా ఆయనకి చెప్పాను. టీవీ కట్టేశాడు. తర్వాత, "ఎవరికీ తెలియదుగా, ఎందుకిప్పుడు?" అన్నాడు. మంచికే అన్నాడు. ఆ మంచితనానికి కూడా నాకు కోపం వచ్చింది.

మే 20

చెల్లి దగ్గరికి వెళ్ళాను. పై అంతస్తు వరండాలో నాలుగు మిషన్లు నడుస్తున్నాయి. స్కూలు వాళ్ళు గడువు పెంచారట. కత్తెర చెల్లే పట్టుకుని కత్తిరిస్తోంది, సరిగ్గా రావడం లేదు, పక్కన పాడైన ముక్కలు కుప్పగా ఉన్నాయి. కుట్టే ఆడవాళ్ళు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఎన్నడూ లేనిది.

చెల్లిని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. నిలబడే చెప్పాను. ఆ రోజు మాస్టారు నాకు ఫోన్ చేశారనీ, నాకు తెలిసీ చెప్పలేదనీ, నీమీద కోపంతో నిన్ను అడగమన్నాననీ. వంకలేమీ కలపకుండా చెప్పాను. నా మొహం మీద కొట్టినా బాగుండుననుకున్నాను.

అది కొట్టలేదు, అరవలేదు. కత్తెర చేతిలో అలాగే ఉంది.

"తెలుసక్కా" అంది.

"ఏం తెలుసు?"

"ఆయన వచ్చీ రాగానే చెప్పారు. పెద్దమ్మగారు కోపంగా ఉన్నారు, మిమ్మల్ని అడగమన్నారు అని. ఎందుకైనా మంచిది, పైకి ఎక్కించెయ్యనా అన్నారు. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

అదేదో మామూలు సంగతి అడిగినట్టు నావైపు చూసింది.

"వాన ఉంటే నువ్వు చెప్పకుండా ఉండలేవుగా. నామీద ఎంత కోపమున్నా ఉండలేవు. అక్క చెప్పలేదంటే ఇవాళ ఏం లేనట్టే మాస్టారూ, కిందే ఉంచండి అన్నాను."

లోపల ఎవరో చెల్లిని పిలిచారు. అది వెళ్ళిపోయింది. మెట్లు దిగి, కమిటీ ఆఫీసుకి వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాను. నిలబడ్డంతసేపూ ఎవరిమీదైనా కోపం తెచ్చుకుందామని చూశాను. ఎవరూ దొరకలేదు.